మర్టిల్ ఎత్తుకున్న పాట

సిడ్నీ నుంచి రెండు రోజుల ప్రయాణం ఉన్న ఆ ఎర్రమట్టి ఊళ్ళో, బారు ముందు నుంచి పోలీసులు తమ్ముణ్ణి వ్యానులోకి ఈడ్చుకుపోవడం మర్టిల్ కళ్ళారా చూసింది. వాడు చేసిన నేరమల్లా పాడటమే. తమ ఆదివాసుల నీటిమడుగుకు పశువుల దొర కంచె వేసుకుంటే, దాని మీద పాట కట్టి గిటారుతో పాడాడు. ఆ పాట రేడియోకెక్కింది. సిడ్నీలో తెల్లపిల్లలు కూడా పాడుతున్నారు. దొరకు కడుపుమంట అందుకే. తెల్లారేసరికి తమ్ముడు లాకప్‌లో శవమయ్యాడు. "తనే పడిపోయాడు" అన్నాడు సార్జెంటు.

ఆ చావు మీద సోమవారం కోర్టులో విచారణ. ముందురోజు ఎండిన ఏటి ఇసుకలో జనం కూడారు. నగరం విద్యార్థులు లౌడ్‌స్పీకరుతో దిగారు.

"రేపు కోర్టు ముందు ఆయన క్యాసెట్టు పెడదాం. ఊరు దద్దరిల్లాలి!" అంది వాళ్ళలో సూజన్ అనే అమ్మాయి.

అందరి ముఖాలూ మాడిపోయాయి. ఆ ఆదివాసుల్లో పోయినవాడి పేరు పలకరు, గొంతు వినరు. పెద్దలు సరేననేదాకా అంతే. ఈ కథలోనూ వాడి పేరు ఉండదు.

"క్యాసెట్టు పెట్టావో, నీ బస్సెక్కి పో!" అని లేచాడు మేనమామ క్లారీ. "వాణ్ణి పోనివ్వరా? గొంతు వినపడితే వెనక్కి తిరిగి చూడడూ?"

"నోరు మూసుకుంటే గెలిచేది దొరే కదా మామా!" తమ్ముడి పాటకు డ్రమ్ములు వాయించే లెస్టర్ అరిచాడు. "పాటనీ మనచేత్తోనే పూడ్చేద్దామా?"

సార్జెంటు గట్టు మీద నిలబడి అంతా విన్నాడు. "ముసలాయన చెప్పిందే న్యాయం. పాటొద్దు, గోలొద్దు. మీ ఆచారమంటే నాకూ గౌరవమే" అని నవ్వాడు.

మర్టిల్‌కు ఒళ్ళు మండింది. తమ దుఃఖాన్ని కూడా వీడు తన పనికి వాడుకుంటున్నాడు.

మర్నాడు అరగంటలో విచారణ ముగిసింది. ఎవరి తప్పూ లేదట. జనం కోర్టు మెట్ల మీద కొయ్యబారిపోయారు.

"ఇక కదలండి" అన్నాడు సార్జెంటు.

చర్చిలో కూడా పాటకు పెదవి విప్పని మర్టిల్ మేనమామ వైపు తిరిగింది. "మామా, వాడి గొంతు మూసే ఉంచుదాం. మడుగు మాత్రం మనందరిదీ. దాని పాట నేను పాడనా?"

క్లారీ సంచిలో చెయ్యి పెట్టాడు. తాళం వేసే రెండు బూమరాంగులు తీసి ఒకదానికొకటి కొట్టాడు.

మర్టిల్ పాట ఎత్తుకుంది. శ్రుతి లేదు, అయినా ఆపలేదు. లెస్టర్ చెత్తడబ్బా బోర్లించి వాయించాడు. మెట్లన్నీ అందుకున్నాయి, విద్యార్థులు అందుకున్నారు. ఎదుటి రొట్టెల కొట్టు తెల్లావిడ పెదవులు కూడా తనకు తెలియకుండానే కదిలాయి.

"ఎవరు మొదలుపెట్టింది?" సార్జెంటు అరిచాడు.

"నేను" అంది మర్టిల్.

"నేను" అన్నాడు క్లారీ.

"నేనూ!" "నేనూ!"

వ్యాను తెచ్చారు. అదే వ్యాను. తమ్ముడు కూర్చున్న బల్లను మర్టిల్ చూసింది. అయినా ఎవరూ తొయ్యకముందే ఎక్కి కూర్చుంది. వెనకాల క్లారీ, లెస్టర్, సూజన్. ఆ వెనకాల ఊరు.

"జరగండర్రా, ఇంకా వస్తున్నారు!" అంది మర్టిల్.

సార్జెంటు భుజం పెట్టి తోశాడు. తలుపు మూతపడలేదు.