ఏటిమొగ నత్తల బుట్ట

నేను ఒక వెదురు బుట్టను. ఒళ్లంతా చిల్లులే, కానీ ఆ చిల్లులు నా లోపం కాదు, నా ఉద్యోగం. మేదర సన్యాసయ్య నన్ను అల్లుతూ ప్రతి సందులోనూ బొటనవేలు దూర్చి చూసుకున్నాడు. నత్తపిల్ల అందులోంచి జారిపోవాలి, పెద్దది నిలవాలి.

నన్ను కొనుక్కున్నది మసేనమ్మ. సముద్రం తగ్గినప్పుడు, ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ బురదలో నత్తలు ఏరడం ఆమె పని. ఆ చారల నత్తలు తమ మొగలో తప్ప ఎక్కడా దొరకవని ఊరివాళ్లు గొప్పగా చెప్పుకునేవారు. ఇంటిదారి పట్టే ముందు ఆమె నన్ను నీళ్లలో మూడుసార్లు జాడించి, "ఎదిగి రండమ్మా" అనేది. పిల్లలన్నీ బుడుంగుమని జారిపోయేవి. ఆ మాట వినడానికే పుట్టాననుకునేదాన్ని.

తరవాత రొయ్యల చెరువులు వచ్చాయి. మేత కోసం నత్తలు కొనే వీరాస్వామి ఒడ్డున నిలబడి నవ్వాడు.

"చిన్నదైనా పెద్దదైనా రొయ్యకి మేతే కదా అక్కా! చేతికొచ్చినదాన్ని నీళ్లపాలు చేత్తావేంటి?"

మర్నాడే మసేనమ్మ పాత దోమతెర ముక్క తెచ్చి నా లోపల పరిచి, అంచు చుట్టూ కుట్టేసింది. నాకు ఊపిరాడలేదు. వింత ఏమిటంటే, జాడించడం మాత్రం మానలేదు. రోజూ మూడుసార్లు జాడించి, "ఎదిగి రండమ్మా" అనేది, ఒక్కదాన్నీ జారనివ్వకుండా! మనుషులు ఆచారం తప్పరు మరి.

నాలుగేళ్లకు బురదే మిగిలింది. పొద్దంతా దేవులాడినా గుప్పెడు ఖాళీ గుల్లలు. వీరాస్వామి మరో ఏటికి పోయాడు.

ఒకరోజు ఆ నత్తల సంగతి కనుక్కోవడానికి పట్నం నుంచి మ్యూజియం ఆయన వస్తున్నాడని తెలిసింది. ఆ పొద్దున్నే మసేనమ్మ దోమతెరను పరపరా చింపి పొయ్యిలో పడేసి, నన్ను శుభ్రంగా కడిగి ఆయన ముందు పెట్టింది.

"పిల్లల్ని మేమెప్పుడూ ఏరమండి బాబూ, వదిలేత్తాం. ఈ బుట్టే సాచ్చెం. ఆ సముద్రమే మమ్మల్ని దగా చేసిందండి," అంది. కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది. తన దగాకు నన్నే సాక్షిని చేసినందుకు నా ఒళ్లు మండిపోయింది.

ఇప్పుడు పట్నం మ్యూజియంలో, గాజుపెట్టెలో ఉన్నాను. పక్కన చారల నత్త గుల్ల ఒకటి, ఖాళీది. నా కింద, "నత్తపిల్లలను కాపాడిన బుట్ట" అని చీటీ.

మొన్న మసేనమ్మ మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. చీటీ చదివించుకుంది. ఇప్పుడైనా తల దించుకుంటుందేమోనని చూశాను.

"నిజమే రాశారే," అంది మనవరాలితో.

ఆ గొంతు నాకు తెలుసు. అందులో అబద్ధం లేదు. ఆమె నిజంగానే నమ్మేసింది.