సగం తీర్పుకు సాక్షిని

నేను ఒక ఇత్తడి గుండిగను. కంచరివాళ్ళ సుత్తిదెబ్బలు తిని పుట్టి, తాలూకా గుమాస్తా కామేశ్వరరావుగారి వంటింటికి కాపురానికొచ్చాను. లోపలి కళాయి పూత అరిగితే మా జాతికి పులుసు పడదు, చిలుమెక్కుతుంది. అలా పులుసు పాడైన రోజున ఆయన ఇల్లెగిరిపోయేలా అరిచారు. వీధి కళాయివాళ్ళకి సామాను ఇవ్వకూడదని ఆయన హుకుం. అయినా మర్నాడు ఆయన భార్య సీతారత్నం, పెరటి గుమ్మంలోంచి కళాయి వేసే దస్తగిరికి నన్ను అందించింది.

"అయ్యగారు రాకముందే తెచ్చెయ్యి" అంది.

అయ్యగారు మధ్యాహ్నమే వచ్చి, "గుండిగ ఏదీ?" అన్నారు. "నాకు తెలీదండీ" అనేసింది, భయంతో. ఎవరో ఇంట్లో దూరి ఎత్తుకెళ్ళారని ఆయన ఫిర్యాదిచ్చారు. సాయంత్రానికి దస్తగిరి కొలిమి దగ్గర పోలీసులు మా ఇద్దరినీ పట్టుకున్నారు.

"అమ్మగారే ఇచ్చారు బాబూ" అని అతను కోర్టులో మొత్తుకున్నాడు. "మా ఆడవాళ్ళు కోర్టు మెట్లెక్కరు" అన్నారు కామేశ్వరరావుగారు.

ఆ రోజుల్లో నేరం తేల్చడానికి ఐదుగురు పెద్దమనుషులు జ్యూరీగా కూర్చునేవారు. వాళ్ళ గదిలోకి సాక్ష్యంగా నన్నూ పంపారు. ఇద్దరు వదిలేద్దామన్నారు, ముగ్గురు కుదరదన్నారు. పొలంగట్ల తగువులు తీర్చిన అలవాటు కదా, దీన్నీ చెరిసగం చేశారు.

"ఇంట్లో దూరాడన్నది కొట్టేద్దాం, దొంగతనం ఉంచుదాం. ఆయన మాటా నిలుస్తుంది, వీడికీ శిక్ష తగ్గుతుంది" అన్నాడు వాళ్ళలో పెద్దాయన. దయ చూపించామనే అనుకున్నారు పాపం. దస్తగిరికి ఆరు నెలలు పడింది.

అప్పీలుతోపాటు నన్నూ హైకోర్టుకి పంపారు. "గడప తొక్కనివాడు వంటింటి గుండిగను ఎలా ఎత్తుకెళ్ళాడండీ? అదే నడిచొచ్చిందా?" అన్నాడు దస్తగిరి వకీలు. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. శిక్ష కొట్టేసేసరికే దస్తగిరి నాలుగు నెలలు జైల్లో గడిపాడు.

"నేను దొంగను కాదని రాశారా బాబూ?" అని అడిగాడు దస్తగిరి.

"అది రాయలేదు. జ్యూరీ చెప్పిన రెండు మాటలూ పొసగలేదు, చెల్లవని రాశారు. గెలిచాం కదా!" అన్నాడు వకీలు.

"మరి మా పేటలో ఏమని చెప్పుకోను?"

వకీలు కాగితాలు సర్దుకున్నాడు.

నేను హైకోర్టు నుంచి తిరిగొచ్చాక, జిల్లా కోర్టు జవాను నన్ను సొంతదారుకి అప్పగించడానికి బయల్దేరితే దస్తగిరి ఆపాడు. "ఒక్క ఘడియ ఉండయ్యా, తీసుకున్న పని మిగిలిపోయింది" అంటూ కోర్టు వెనక కొలిమి ముట్టించాడు. మురికి విడగొట్టే నవాసారం పొడి చల్లి, తగరం కరిగించి, దూదితో లోపలంతా తుడిచాడు. పని పూర్తిచేసి, ఊరొదిలి వెళ్ళిపోయాడు.

నేను ఇల్లు చేరగానే సీతారత్నం నాలోకి చూసింది. కొత్త కళాయి తళతళలాడుతోంది. అక్కడే కూలబడి ఏడ్చింది.

"ఏమిటా ఏడుపు?" అన్నారు కామేశ్వరరావుగారు.

"పొగండీ" అంది.

అప్పటికింకా పొయ్యి వెలిగించనే లేదు.