క్రేన్ ఎక్కేముందు మాత్ర

మా అక్క కొడుకు ఉమాశంకర్ పోర్టులో క్రేన్ నడుపుతాడు. క్యాబిన్ పది అంతస్తుల ఎత్తులో ఉంటుంది. ఒకసారి ఎక్కితే నాలుగైదు గంటలు దిగడం ఉండదు. మధ్యలో కడుపు తొందరపెట్టి దిగితే ఓడ పని ఆగిపోతుంది, కిందున్నవాళ్లు పైకి చూసి నవ్వుతారు. ఆ నవ్వేవాళ్లలో నేనూ ముప్పై ఏళ్లు ఉన్నాను. డెక్కు మీద నిలబడి క్రేన్ డ్రైవరుకు చేత్తో సైగలు చేసే పని నాది.

వాడు క్రేన్ ఎక్కిన మొదటి వారం కంచరపాలెంలో టీ తాగుతూ నన్నడిగాడు.

"మావా, మీ కాలంలో డ్రైవర్లకి పైనుండగా ఇబ్బందొస్తే ఏటి సేసీవోరు?"

"ఏటుంది, ఎక్కీముందు విరేచనాలు కట్టీ మాత్ర ఒకటి ఏసుకునీవోరు. అందరూ అంతే. డాక్టర్లకి మాత్రం సెప్పకు, అన్‌ఫిట్ సేసేత్తారు."

అలా వేసుకున్న డ్రైవర్ని ఒక్కణ్ణి కూడా నేను చూడలేదు. వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వకుండా మాత్ర పేరడిగాడు. అదీ చెప్పాను.

ఆర్నెల్ల తర్వాత వాడి భార్య మధులత ఫోన్ చేసింది.

"బాబాయ్, ఈయనకి నాలుగు రోజులబట్టీ కడుపు ఉబ్బిపోనాది. ఒకటే వాంతులు. ఆస్పత్రిలో ఉన్నాం. సాయంత్రం పొట్ట కోత్తారంట."

వెళ్లేసరికి వాడి పొట్ట తప్పెటలా బిగుసుకుని ఉంది. ముక్కులో గొట్టం.

"ఏరా, ఎన్నో నెల?" అన్నాను. వాడు కళ్లు మూసుకున్నాడు.

డాక్టరమ్మ ఆశాజ్యోతి వచ్చింది. పేగులో ఎక్కడో అడ్డం పడి ఉండొచ్చని, ఎక్స్‌రే ఫిల్ములో సరిగ్గా తెలియడం లేదని, తెరిచి చూడక తప్పదేమోనని చెప్పింది. "మందులేమైనా వాడుతున్నావా?" అని మళ్లీ అడిగింది.

"నేదండి," అని వాడు నా వైపు చూశాడు.

ఆవిడ అటు తిరగ్గానే వంగి అడిగాను. "ఆ మాత్ర ఏత్తన్నావేటి?"

"నువ్వే కదా సెప్పినావు. మొదట ఒకటి, ఇప్పుడు రోజుకి ఆరేడు. సెప్పకు మావా, ఉజ్జోగం పోతాది."

పొట్ట కోస్తే వాడు ఎన్నాళ్లకు క్రేన్ ఎక్కుతాడో, అసలు ఎక్కుతాడో లేదో. డాక్టరమ్మ వెనకాలే నడవాలోకి వెళ్లి మొత్తం చెప్పేశాను. "ఏలాకోలానికి నానే సెప్పేనమ్మా. ఆడు నమ్మేసినాడు." మధులత అక్కడే ఉంది.

ఆ మాత్ర ఎక్కువైతే గుండెకూ ప్రమాదమట. డాక్టరమ్మ ముందు ఈసీజీ తీయించింది. అది బాగానే ఉందన్నాక నన్ను పిలిచింది.

"పేగు గోడలో నరాలుంటాయి. అవి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వదిలితే కండ బిగుస్తుంది. నైట్రిక్ ఆక్సైడ్ వదిలితే కండ సడలుతుంది. వెనక బిగిసి, ముందు సడలితేనే తిన్నది ముందుకు జరుగుతుంది. మీరు చెప్పిన మాత్ర ఆ బిగించే రసాయనాన్ని నరం నుంచి రానివ్వదు."

"అంటే క్రేన్ బాగానే ఉంది. సైగ సేసీవోడి సేతులు కట్టేసినాం."

"అలాగే అనుకోండి."

"మరెప్పుడు ఇప్పుతారు?"

"మాత్ర ప్రభావం దానంతటదే తగ్గాలి. సెలైన్ పెడతాం. స్కాన్ కూడా తీసి అడ్డం లేదనుకుంటే రేపటిదాకా ఆగుతాను. అంతకుమించి ఆగను."

స్కానులో అడ్డం కనబడలేదు. నర్సు గంటకోసారి పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి వినడం, తల అడ్డంగా ఊపడం. మధులత నాతో ఒక్క మాటే మాట్లాడింది. "పరాసికాలాడ్డానికి ఇంకెవులూ దొరకనేదా బాబాయ్?"

మర్నాడు పది గంటలకు డాక్టరమ్మ చాలాసేపు విని, స్టెతస్కోపు నా చెవులకు పెట్టింది. లోపల ఎక్కడో బిందెలో నీళ్లు ఒంపుతున్నట్టు చిన్న చప్పుడు. కాసేపటికి మళ్లీ. మధ్యాహ్నానికి గ్యాసు పోయింది. వార్డంతా వినబడింది. నవ్వలేదు నేను, మధులత చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఆపరేషను అవసరం లేదంది డాక్టరమ్మ. డిశ్చార్జి కాగితంలో మాత్ర పేరు రాస్తానని, అది మానేస్తే రెండు వారాల్లో క్రేన్ ఎక్కొచ్చని చెప్పింది.

గొట్టం తీశాక ఉమాశంకర్ రెండు చెంచాల నీళ్లు తాగాడు. "మావా, నాకు ఇంకేటేటి అబద్ధాలు సెప్పినావో ఇప్పుడే సెప్పేయ్."

ఆలోచించాను. "ఒకటుంది. నీ పెళ్లయిన కొత్తలో, నీ పెళ్లానికి ములక్కాడలు పడవనీ, ఇంట్లో వాసనొచ్చినా దద్దుర్లొస్తాయనీ సెప్పేను."

మధులత మొగుడి వైపు తిరిగింది.

"అందుకేనేటి, ఆరేళ్లబట్టీ నాను తెమ్మన్నప్పుడల్లా మార్కెట్లో దొరకనేదన్నావు?"