పాతిక మిల్లీమీటర్లు

సముద్రం కనిపించే బాల్కనీ అంటే ఎవరికి చేదు? ఆ ఆదివారం సాయంత్రం, నాలుగో అంతస్తులోని ఒక ఇంటి బాల్కనీలో పదకొండు మంది ఉన్నారు. ఒడ్డుకు దగ్గరగా ఇసుకలో ఇరుక్కుపోయిన ఓడను చూడడానికి ఇరుగుపొరుగంతా అక్కడికే చేరారు.

ఆ భవనానికి డ్రాయింగులు గీసిన ఇంజనీరు ఆ ఇంటావిడకు స్వయానా చెల్లెలు. ఆమె అప్పుడే కింద స్కూటర్ ఆపింది.

"ఏం ఇంజనీరమ్మా! త్వరగా రా. నువ్విచ్చిన బాల్కనీలో పెళ్లి కూడా చేసేయొచ్చు!" బావ పైనుంచి కేకేశాడు.

ఆమె నవ్వుతూ తలెత్తింది. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

బాల్కనీ అడుగున, గోడను ఆనుకుని, ఈ చివర నుంచి ఆ చివర దాకా పగులు. దాని పొడవునా తుప్పు చార. కాలికింద ఏదో కరకరలాడింది. వంగి తీసింది. అరచేయంత సిమెంటు పెచ్చు. దాని మీద ఇనుప చువ్వ అచ్చు, ఎర్రగా.

అడుగు చువ్వలే ఇలా ఉంటే, బాల్కనీని గోడకు పట్టి ఉంచే పై చువ్వల గతేమిటి?

ఆరేళ్ల కిందట మేస్త్రీ అడిగిన మాట చెవిలో మోగింది. "అమ్మా, ఇది ఉప్పుగాలి. చువ్వల మీద సిమెంటు రెండింతల మందం వేద్దామా?"

"డ్రాయింగులో పాతిక మిల్లీమీటర్లని ఉందిగా. నీ తెలివి నీ దగ్గరే ఉంచుకో," అని ఆ రోజు కసిరింది తను.

ఆ డ్రాయింగు సముద్రానికి ఆమడల దూరంలో కట్టిన వేరే భవనానిది. దాన్నే తీసుకుని పేరు మార్చింది, బాల్కనీలు వెడల్పు చేసింది. ఆ ఒక్క అంకె మార్చడం మరిచింది.

లిఫ్టు కోసం ఆగలేదు. మెట్లెక్కుతుంటే ఒకటే భయం. కేక వేస్తే పదకొండు మందీ ఒక్కసారి లేచి గుమ్మం దగ్గర తోసుకుంటారు. ఆ కుదుపు చాలు.

"అక్కా, ఫోటో తీస్తాను. హాల్లోకి ఒక్కొక్కరే రండి."

"ఓడ బయటుంటే ఫోటో లోపలేమిటే? మతి గానీ పోయిందా?"

"నా మాట విను. ఒక్కొక్కరే."

ఫోను పట్టుకున్నా చెల్లెలి చూపు బాల్కనీ నేల మీదే ఉండడం అక్క చూసింది. పక్కింటి పాపను చంకనెత్తుకుని లోపలికి వచ్చింది. తర్వాత మరొకరు. ఇంకొకరు. చివరికి బావ, కుర్చీలో వాళ్లమ్మ మిగిలారు.

"అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఫోటోలో పడకపోతే కొంపేం మునగదులే," అంటూ బావ కుర్చీ ఈడ్వబోయాడు.

"ఈడ్వకు బావా! ఎత్తుకుని రా, మెల్లగా!"

అతను తల్లిని ఎత్తుకుని గుమ్మం దాటాడో లేదో, వెనక పెటిల్లుమంది. బాల్కనీ అంచు జానెడు కిందికి వాలింది. కుర్చీలు జారి కటకటాలకు కొట్టుకున్నాయి.

తల్లిని హాల్లో కూర్చోబెట్టి బావ పళ్లు కొరికాడు. "ఆ కాంట్రాక్టరుని ఊరికే వదలకూడదు!"

అందరూ అవునన్నారు. ఒక్క మాట మింగేస్తే ఆమె తప్పించుకోవచ్చు. కానీ అదే డ్రాయింగుతో ఆ భవనానికి ఇంకా ఇరవై మూడు బాల్కనీలున్నాయి. ఈ క్షణంలో ఎన్నిట్లో ఎందరు నిలబడి ఓడను చూస్తున్నారో!

"తప్పు ఆయనది కాదు బావా. నాది," అంది. "ఒక అంకె తప్పు వేశాను. మేస్త్రీ చెప్పినా వినలేదు. నన్ను తర్వాత తిడుదురుగాని. ముందు పదండి, ప్రతి తలుపూ కొట్టి బాల్కనీలు ఖాళీ చేయించాలి."

అక్క ముఖం పాలిపోయింది. అయినా చెల్లెలి చెయ్యి పట్టుకుని ముందు నడిచింది.

సముద్రం ఒడ్డున ఇల్లు గీసేవాళ్లు ముందు ఆ ఒడ్డు గాలిని చదవాలి. చదవక తప్పు చేస్తే, పరువు పోయినా సరే, ప్రాణాలు పోకముందే చెప్పాలి.