విషం తాగినామె క్షమాపణ

చంపినవాణ్ణి క్షమాపణ అడగమని చచ్చినదానికి చెప్పాలంటే ఎంత ధైర్యం కావాలి? మా అన్నయ్యకు ఆ ధైర్యం పుష్కలంగా ఉంది.

టైర్ల దుకాణం పైన, మూడో అంతస్తులో మా నృత్యశాల. ఒక గోడ నిండా అద్దం, కిర్రుమనే ఫ్యాను, మడత కుర్చీలు. ఇరవై ఆరేళ్లుగా అక్కడే గజ్జె కడుతున్నాను. అన్నయ్య గురువు, తాళాలు పట్టి జతులు చెప్పేదీ ఆయనే. వదిన పాటలు రాస్తుంది, పాడుతుంది. ఈ ఏడాది పడమటి దేశాల వాళ్లు వందల ఏళ్లుగా ఆడుతున్న ఒక విషాద నాటకాన్ని మన నృత్యనాటకంగా మలిచాం. ఎవడో చెప్పిన చాడీలు నమ్మి ఒక రాజు భార్యకు విషమిచ్చి చంపుతాడు. భార్య వేషం నాది. రాజు వేషం పళ్ల డాక్టరుది. పగలంతా పళ్లు పీకి సాయంత్రం ప్రాక్టీసుకు వచ్చేవాడు.

మూలంలో ఆమె చచ్చిపోతుంది, తెర పడుతుంది. మన పద్ధతిలో అలా కుదరదు. వేదిక మీద శవం పడి ఉండగా ఆట ముగియకూడదు. చివర మంగళం పాడాలి, పాత్రలన్నీ నిలబడి దణ్ణం పెట్టాలి. ఇంతవరకూ నాకూ అభ్యంతరం లేదు. ఆమెను ఎలా లేపాలన్న దగ్గరే నాకు ఒళ్లు మండింది.

"ఆత్మగా లేస్తుంది," అన్నాడు అన్నయ్య. "భర్త కాళ్ల మీద పడి, నీకు అనుమానం వచ్చేలా నడుచుకున్నాను, క్షమించు అంటుంది. అక్కడ మంగళం ఎత్తుకుంటాం."

"ఆవిడేం తప్పు చేసిందన్నయ్యా?"

"చేసిందని ఎవరన్నారు? జనం కళ్లు తుడుచుకుంటూ ఇంటికెళ్లాలి. అయినా నాటకం నువ్వు రాశావా?"

"నువ్వూ రాయలేదుగా. రాసినవాడు కూడా ఆమెతో ఈ మాట అనిపించలేదు."

పళ్ల డాక్టరు గజ్జెలు విప్పుకుంటూ, "నాక్కూడా అంత బాగాలేదు గురువుగారూ," అని నసిగాడు. అన్నయ్య ఒక్క చూపు చూశాడు. ఆ తర్వాత డాక్టరు నోరెత్తితే ఒట్టు. వదినైతే కాగితాల మీంచి తలే ఎత్తలేదు. నెల రోజులు ఆ క్షమాపణ చరణం రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. ఆమె మీద కూడా నాకు కోపం వచ్చింది. నీళ్లు నమలడం తప్ప ఈవిడకు ఇంకేమీ రాదా అనుకున్నాను.

"నేను చెయ్యను," అన్నాను చివరికి.

"చెయ్యకపోతే వేషం ఇంకొకరికిస్తాను. నలభై ఆరేళ్లొచ్చాయి నీకు. మళ్లీ నాయిక వేషం ఎవరిస్తారో చూసుకో."

ఆయన దెబ్బ ఎక్కడ కొట్టాలో అక్కడే కొట్టాడు. ఇరవై ఆరేళ్లలో చెలికత్తెను వేశాను, అత్తను వేశాను, మీసం పెట్టుకుని ద్వారపాలకుణ్ణి కూడా వేశాను. నాయికగా ఇదే మొదటిసారి. నోరు మూసుకున్నాను. అందుకు ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ప్రదర్శన రోజు హాలు నిండింది. విషం తాగాను, పడిపోయాను. వేదిక పక్కన కూర్చున్న అన్నయ్య తాళం ఎత్తుకున్నాడు. నన్ను లేవమని అది సూచన. నేను లేవలేదు. ముందే అనుకున్నది కాదు, ఒళ్లే మొరాయించింది. తాళం ఒక చుట్టు తిరిగింది. "లే," అన్నాడు అన్నయ్య పళ్లు కొరుకుతూ. ఇంకో చుట్టు తిరిగింది.

అప్పుడు వదిన గొంతెత్తింది. రాగం అదే, తాళం అదే, మాటలే వేరు.

"ఏ తప్పుకు చంపితివో ఎదుట నిలిచి చెప్పరా..."

ఇన్ని రోజుల ప్రాక్టీసులో ఈ చరణం ఎవరమూ వినలేదు. అది విన్నాక నేనెందుకు పడుకుంటాను? లేచాను. మా ఆటలో ఒక పద్ధతి ఉంది. నర్తకి అభినయం ముగిసేదాకా గాయని ఆ చరణాన్ని విడవదు. గాయని పాడినంతసేపూ తాళం ఆగకూడదు, ఆగితే పరువు పోయేది గురువుకే. వదిన పదకొండుసార్లు పాడింది. నేను పదకొండు రకాలుగా అడిగాను. విషపు గిన్నె చూపించి అడిగాను, కాలిన గొంతు చూపించి అడిగాను, పెళ్లినాడు అతను పట్టుకున్న నా చెయ్యి చూపించి అడిగాను. పళ్ల డాక్టరు వెనక్కి వెనక్కి నడిచి తెరకు తగిలాడు. ఆ ప్రశ్నకు జవాబుగా ఏ ముద్ర పట్టాలో అన్నయ్య అతనికి నేర్పలేదు. అన్నయ్య తల వంచుకుని, చెమటలు కక్కుతూ, మా ఇద్దరికీ తాళం వేశాడు.

ఆ తర్వాత ఎలాగో మంగళం పాడామనిపించాం. తెర పడగానే మేకప్ గదిలో అన్నయ్య వదిన మీదికి వెళ్లాడు.

"ఎప్పుడు రాశావు అది?"

వదిన సీసా మూత తీసి తీరిగ్గా నీళ్లు తాగింది. "మీరు చెప్పింది రాయడానికి నెల పట్టింది. ఇది రాయలేదండీ, నోటికొచ్చింది."

"రేపట్నుంచి మీరిద్దరూ నృత్యశాల గడప తొక్కొద్దు."

"సరే," అంది వదిన. "మా తప్పేంటో మాత్రం వీళ్లందరి ముందూ చెప్పండి."

గజ్జెలు విప్పుతున్న చేతులన్నీ ఆగిపోయాయి. అన్నయ్య తాళాలను గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు. చాలాసేపు చుట్టాడు.