రేణుక టీచర్ స్కూటీ తాళంచెవి

రేణుక టీచర్‌కు తన జబ్బు సంగతి ముప్పై ఆరేళ్లకు తెలిసింది. అదీ కూతురి పుణ్యాన.

తొమ్మిదేళ్ల దీప్తి క్లాసులో కుదురుగా కూర్చోవడం లేదని బడివాళ్లు కబురు పెట్టారు. రేణుక, రైసుమిల్లులో పనిచేసే ఆమె భర్త భాస్కర్ పిల్లను వెంటబెట్టుకుని మిర్యాలగూడ నుంచి సూర్యాపేట వెళ్లారు. ఆదివారాల్లో హైదరాబాద్ నుంచి ఒక మానసిక వైద్యుడు వచ్చి అక్కడ చూస్తాడు. 2013 ఆగస్టు, బయట జల్లు పడుతోంది.

డాక్టర్ అడగడం మొదలుపెట్టాడు. "వస్తువులు ఎక్కడ పెట్టిందో మరిచిపోతుందా?"

"మరుస్తది సార్. నిన్న ఫోను ఫ్రిజ్జుల దొరికింది," అన్నాడు భాస్కర్.

"ఎదుటివాళ్లు అడగడం పూర్తికాకముందే జవాబు చెబుతుందా?"

"అడగకముందే చెప్తది."

"దెబ్బలు తగిలించుకుంటుందా?"

"రెండేండ్లల్ల నాలుగుసార్లు స్కూటీ మీదికెళ్లి పడ్డది."

డాక్టర్ పెన్ను ఆగింది. "తొమ్మిదేళ్ల పిల్లకు స్కూటీ ఇచ్చారా?"

"పిల్లకు గాదు సార్, ఈమెకు," అంటూ భాస్కర్ పక్కకు చూశాడు. రేణుక కుర్చీ ఖాళీగా ఉంది. తల్లీకూతుళ్లిద్దరూ కిటికీ దగ్గర నిలబడి, వానలో తడుస్తున్న కోడిని చూస్తున్నారు.

ఆ రోజు డాక్టర్ ఇద్దరినీ పరీక్షించాడు. ఇద్దరిదీ ఏడీహెచ్‌డీ అన్నాడు. మనసు ఒకచోట నిలవకపోవడం, తొందరపాటు, మతిమరుపు దాని లక్షణాలని, చాలా ఇళ్లలో వారసత్వంగా వస్తుందని చెప్పాడు.

"దీంతోని ప్రాణానికేమన్న ఉన్నదా సార్?" నవ్వుతూనే అడిగింది రేణుక.

డాక్టర్ దాచలేదు. "ఈ సమస్య ఉన్నవాళ్లలో తొందరగా పోయేవాళ్లు కొంచెం ఎక్కువేనమ్మా. ముఖ్యంగా ప్రమాదాల వల్ల. అందరికీ అలా జరగదు. మందులు, నిద్ర, హెల్మెట్ ఉంటే ముప్పు బాగా తగ్గుతుంది."

రేణుక చివరి మాట విన్నది. భాస్కర్‌కు మొదటి మాటే వినిపించింది.

మర్నాడు స్కూటీ తాళంచెవి కనబడలేదు. నిడమనూరు బడిలో లెక్కలు చెప్పే రేణుక రోజూ ఆ బండి మీదే వెళ్తుంది. తాళంచెవి పోవడం ఆమెకు కొత్త కాదు కాబట్టి ఎవరినీ అనుమానించలేదు. కందిపప్పు డబ్బాలో, దీప్తి బూట్లలో వెతికి, తనను తాను తిట్టుకుని బస్సెక్కింది. అలా మూడు రోజులు గడిచాయి.

మూడో రోజు సాయంత్రం అత్తగారు ఎల్లమ్మ ఆగలేకపోయింది. "నీ మొగడు సోమారం పొద్దుగాల గా తాళంచెవి పట్టుకొని ఇల్లంత తిరిగిండు. నేను కండ్లార సూసిన."

రేణుక వెళ్లి భాస్కర్ ముందు నిలబడింది. "దాశినవా?"

"దాశిన." అతడు తల దించుకున్నాడు. "మిల్లుల ఫోను మోగినప్పుడల్లా గుండె దడదడమంటున్నది. నువ్వు పోతే నా గతేంది?"

ఆ మాటకు రేణుక కోపం సగం దిగిపోయింది. అయినా చెయ్యి చాచింది. "నేనింక సావలే గదయ్యా. తే ఇటు."

భాస్కర్ దేవుడి పటాల వెనక చూశాడు. టీవీ వెనక చూశాడు. బీరువా మీద తడిమాడు. పన్నెండేళ్ల కాపురంలో జేబురుమాలు కూడా పోగొట్టుకోని మనిషికి చెమటలు పట్టాయి. "గీడనే పెట్టిన..."

రేణుక కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "జరుగు. నాకు అలవాటైన పని. దాశేటప్పుడు రెండో చేతిల ఏమున్నది?"

"నీళ్ల సీసా."

ఆమె నేరుగా వంటింట్లోకి నడిచి మంచినీళ్ల ఫిల్టర్ వెనక చెయ్యి పెట్టింది. తాళంచెవి దొరికింది.

దాన్ని తన సంచిలో వేసుకోలేదు. భాస్కర్ చేతిలో పెట్టింది. "డాక్టర్ ముంగట నవ్విన గని, నాకు గూడ భయమైంది. నిడమనూరుకు ఇగ బస్సే. ఊర్లె మాత్రం బండి కావాలె. హెల్మెట్ పెట్టుకుంటెనే తాళంచెవి ఇయ్యి."

"మరి డాక్టర్ రాసిన గోలీలు?"

"ఏసుకుంట."

నెల తర్వాత మళ్లీ సూర్యాపేట వెళ్లారు. ఎలా ఉందని అడిగాడు డాక్టర్.

"మంచిగున్నది సార్. లెక్క నడుమల వేరే ముచ్చట్లకు పోతలేను. బండి మీద రోడ్డు కనబడుతున్నది. ఒక్కటే తకలీఫు."

"ఏమిటమ్మా ఆ ఇబ్బంది?"

"మా అత్తమ్మ చెప్పేది మొత్తం ఇనబడుతున్నది."

డాక్టర్ కంటే ముందు భాస్కర్ నవ్వాడు. నెల రోజుల్లో అతడు అంత గట్టిగా నవ్వడం అదే మొదలు.

డాక్టర్ అవే మందులు రాసిచ్చాడు. బస్సెక్కాక ఆ చీటీ ఉందో లేదో చూసుకోమని భాస్కర్ రెండుసార్లు చెప్పాడు. రేణుక రెండుసార్లూ పర్సు తెరిచి చూసింది. చీటీ ఉంది.