మొదటి గుక్క

పెద్దల అమావాస్య ఇంకా నాలుగు రోజులుందనగా మహాదేవమ్మ ఇంట్లో నన్నారి వాసన మొదలయింది.

మధ్యాహ్నం మూడు దాటాక, ఎమ్మిగనూరు వీధిలో మగ్గాల చప్పుడు కాస్త సద్దుమణిగే వేళకు వచ్చేదా వాసన. ముందు పడసాలలో, ఆ తర్వాత వంటింటి గూటి దగ్గర. తియ్యగా, లోతుగా, వేరు ముక్కను అప్పుడే తవ్వి తీసినట్టు. ఇంట్లో నన్నారి సీసా లేదు. ఉన్న ఒక్క సీసానూ మూడేళ్ల కిందట ఆమే గోడకేసి కొట్టింది.

"ఉమా, నీకేమన్నా వాసనొస్తాందా?"

కోడలు ఉమారాణి చేట కింద పెట్టి ముక్కు ఎగబీల్చింది. "పక్కింట్లో ఎండుమిరపకాయలు ఏంచుతాండారత్తా. ఆ ఘాటే."

"అది గాదు. షర్బత్తు వాసన."

"మల్ల మొదలుపెట్టినావా? పోయినేడు గూడా ఈ దినాల్లోనే అంటివి. లేని వాసన యాడినుంచి వస్తాదత్తా?"

ఆ వాసన ఎక్కడినుంచి వస్తుందో మహాదేవమ్మకు తెలుసు. మొగుడు పుల్లయ్య చొక్కా నుంచి వచ్చేది అది.

పుల్లయ్య మంచి నేతగాడు. వారానికొకసారి నేసిన చీరలు మూట కట్టుకొని ఆదోనికి పోయేవాడు. మొదట్లో పొద్దు గూకేసరికి తిరిగొచ్చేవాడు. తర్వాత మరునాడు పొద్దున. తర్వాత రెండు రోజులకు. అక్కడ పత్తి మార్కెట్టు దారిలో సోడాలు, నన్నారి షర్బత్తు అమ్మే తిమ్మమ్మ అనే ఆమె ఉందని ఊళ్లోవాళ్లు చెప్పకముందే ఆయన చొక్కా చెప్పింది. కడపటి ఏడెనిమిదేళ్లూ ఆయన అక్కడే ఉండిపోయాడు. పండగలకు మాత్రం చుట్టంలా వచ్చిపోయేవాడు.

తాగుబోతు అనడానికి లేదు. ఆయనకు తాగడం మీద కంటే కలపడం మీద మోజు. ఒక క్వార్టరు బ్రాందీ సీసా, నిమ్మకాయ, అల్లం, తిమ్మమ్మ దగ్గరి నన్నారి ముందేసుకొని పూజకు కూర్చున్నట్టు కూర్చునేవాడు. వానలు వెనకబట్టి, సాయంకాలం గాలిలో చలి తగిలిందంటే చాలు, చుట్టుపక్కల మగవాళ్లు ఏదో ఒక పని పెట్టుకొని వచ్చేవారు. ఆ నన్నారి ఎవరి చేతిదో తెలుసు గనుక మహాదేవమ్మ ఏనాడూ అటు తిరిగి చూడలేదు.

మూడేళ్ల కిందట దసరా వెళ్లిన వారానికి ఆయన చేతిసంచితో వచ్చాడు. ఎవరినీ అడగకుండా వంటింట్లో కూర్చొని కలిపాడు. ఆమె వీపు తిప్పుకొని వంకాయలు తరుగుతూనే ఉంది. కాసేపటికి పక్కనుంచి గ్లాసు ఒకటి ముందుకొచ్చింది.

"ఒక్క గుక్క తాగి సూడు మహాదేవీ. ఎన్నేండ్లుగా అడుగుతాండా."

ఆమె గ్లాసు తీసుకుంది. తీసుకొని జలదారిలో పోసింది. సంచిలోని నన్నారి సీసా గోడకు కొట్టింది. "మల్ల ఈ గడప తొక్కినావంటే నా శవాన్ని సూస్తావ్" అంది.

పుల్లయ్య గాజుముక్కలన్నీ ఏరాడు. గ్లాసు కడిగి బోర్లించాడు. చెప్పులు తొడుక్కొని పోయాడు. ఇరవయ్యో రోజున ఆదోని నుంచి వ్యానులో తెచ్చారు. బయట పోయిన మనిషిని లోపలికి తేకూడదన్నారు పెద్దవాళ్లు. వాకిట్లోనే పడుకోబెట్టి, వాకిట్లోనుంచే ఎత్తారు. పోయాక కూడా ఆయన గడప తొక్కలేదు.

పెద్దల అమావాస్య నాడు పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, కొత్త బట్టలు పెట్టి, తాగేవాళ్లకు ఒక గ్లాసు కూడా పోసి ఎడ పెడతారు, పెద్దల నైవేద్యమది. పెట్టి, తలుపు దగ్గరికేసి, ఇంటిల్లిపాదీ బయట కూర్చుంటారు. లోపల పెద్దలు వచ్చి తింటారు. పావుగంటకు, లోపలివాళ్లకు తెలిసేలా దగ్గి తలుపు తీస్తారు. మామగారికి పెట్టినప్పుడు గ్లాసులో వేలెడు తగ్గడం మహాదేవమ్మ కళ్లారా చూసింది. పుల్లయ్యకు మొదటి ఏడు ఉత్త బ్రాందీ పెట్టింది. చుక్క తగ్గలేదు. రెండో ఏడు మనసు చంపుకొని, బజారులో గ్లాసుకు సరిపడా నన్నారి తెప్పించి, సోడాతో కలిపి పెట్టింది. తగ్గలేదు. ఆ ఏటినుంచే వాసన మొదలయింది. మనిషి గడప అవతలిదాకా వచ్చి నిలబడుతున్నాడనీ, లోపలికి వస్తే తాను చస్తానని భయపడి రావడంలేదనీ ఆమెకు గట్టి నమ్మకం. అన్న మాటను వెనక్కి తీసుకోవడం ఎట్లా? ఆయన కలిపే పద్ధతిలోనే కలిపి పెడితే, అదే పిలుపని ఆయనకు తెలుస్తుందేమో.

ఆ పద్ధతి తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది.

"ఆదోనికి పోయొస్తా" అంది కోడలితో మరునాడు పొద్దున.

"ఏం పనత్తా?"

"కండ్లు మసకేస్తాండాయి. సూపించుకోవాల."

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. కోసిగి పోయేవాళ్లు, ఆస్పరి పోయేవాళ్లు, పత్తి ధర గురించి అరుచుకుంటున్నారు. ఆమెకు ఒక్క మాటా చెవికెక్కలేదు. ఏ ముఖంతో అడగాలి? తలుపు ముఖాన వేస్తే?

తిమ్మమ్మ తలుపు వేయలేదు. సన్నగా, పొడుగ్గా, తలంతా నెరిసిన మనిషి. బండి మీద గోళీసోడాలు తుడుస్తున్నదల్లా తలెత్తి చూసి, "రాక్కా" అంది. ఎవరని అడగలేదు. నుదుట రూపాయంత బొట్టుంది. చేతినిండా గాజులున్నాయి. ఆమె ఎవరికీ భార్య కాలేదు గనుక, పుల్లయ్య పోయినప్పుడు అవి తీసేయమని అడిగినవాళ్లూ లేరు. మహాదేవమ్మ తన మణికట్టు పైట కింద దాచుకుంది.

"ఆయప్ప ఈ కాలంలో కలుపుతాండెనే, అది నాకు సెప్పు" అంది, కూర్చోకుండానే. "రెండేండ్లుగా పెడతాండా. ముట్టల్యా."

"ఎట్ల కలిపినావు?"

"నన్నారి, సోడా, బ్రాందీ."

తిమ్మమ్మకు నవ్వొచ్చింది. "అది ఎండాకాలందక్కా! చలిగాలిలో ఎవరన్నా సోడా తాగుతారా? పడిసెం పడతాదని సచ్చినోడు గూడా ముట్టడు." అన్నాక నాలుక కరుచుకుంది. మహాదేవమ్మకు కూడా నవ్వొచ్చి, దాన్ని దగ్గులోకి మార్చుకుంది.

లోపలికి తీసుకుపోయింది తిమ్మమ్మ. కుంపటి రాజేసి బ్రాందీకి బదులు ఉత్త నీళ్లతో చేసి చూపింది. అల్లం దంచి, నాలుగు మిరియాలు వేసి, గ్లాసుడు నీళ్లు ముప్పాతికయ్యేదాకా కాచింది. నిమ్మకాయను కోయకుండా నిప్పుల మీద దొర్లించింది. తొక్క నల్లబడి, చిటపటమని, లోపలి రసం ఉడికిన వాసన వచ్చాక తీసి సగానికి కోసి పిండింది.

"పచ్చి నిమ్మకాయ పులుపు పండ్లకు తగులుతాది. కాల్చింది గొంతుకు తగులుతాదంటాండె. ఇప్పుడు నన్నారి రెండు గరిటెలు. చిటికెడు ఉప్పు. కషాయం పొయ్యి. ఇంగ ఆగు. ఏలు పెట్టు. కాల్తాందా?"

"కాల్తాంది."

"అయితే ఇంగా పోయొద్దు. కాగేదాంట్లో బ్రాందీ పోస్తే సత్తువంతా ఆవిరై పోతాది. ఏలు ఓర్సుకునేంత సల్లారినాక రెండేళ్ల మందం పొయ్యి. స్పూను పెట్టి తిప్పద్దు. ఈ గ్లాసులోంచి ఆ గ్లాసులోకి మూడు మార్లు తిరగబొయ్యి. అంతే."

మహాదేవమ్మ పెదవులు కదుపుతూ మనసులో వల్లించుకుంది. ఇంత చిన్న సంగతి. తన వీపు వెనకే ఎన్నిసార్లు జరిగిందో.

"నువ్వు గూడా పెడతాండావా?" అని అడిగింది చివరికి.

"పెడతాండా. నాకేం హక్కుందని అడగద్దు."

"తగ్గుతాదా?"

తిమ్మమ్మ కుంపట్లో నిప్పులు సర్దింది. "రెండేండ్లూ తగ్గింది. మా ఇంట్లో పిల్లి గూడా ఉందిలే అక్కా."

మహాదేవమ్మ ఆమె ఎదుట కూర్చుంది. "ఈ ఒక్క ఏడు నువ్వు పెట్టద్దు" అంది. తన గొంతు తనకే అడుక్కునేదానిలా వినిపించింది. "నేను అనగూడని మాట అన్నా. ఒక్కసారి లోపలికి రానీ. ఆమీట నీ దగ్గరికే రానీలే."

తిమ్మమ్మ కుంపటి మీద బూడిద కప్పింది. ఆమెకు ఏడాదిలో ఆ ఒక్కరోజే ఉందని మహాదేవమ్మకు అప్పుడే తట్టింది. తట్టినా, అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

"సరే" అంది తిమ్మమ్మ. లేచి నన్నారి సీసా ఒకటి పాత గుడ్డలో చుట్టి ఇచ్చింది. ఫోను నంబరు రాయించుకుంది. వాకిలిదాకా వచ్చి ఆగింది. "ఇంగొకటుందక్కా. కలిపినోడు ముందు తాగడు. మొదటి గుక్క ఎదుటి మనిషిదే. వాళ్లు తాగినాకనే ఆయప్ప ముట్టేది. ఎవరూ తాగకపోతే అట్లనే పారబోస్తాండె గానీ, తాను తాగేటోడు గాదు."

"ఎడలో పెట్టేది ఎంగిలి చేస్తే ఎట్ల?" అంది మహాదేవమ్మ భయంగా.

"అది నాకు తెలీదు. నేను మాత్రం తాగి పెడతాండా."

అమావాస్య పొద్దున మహాదేవమ్మ తలస్నానం చేసి, ఎవరినీ పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. వడలు, ఓళిగలు, చిత్రాన్నం ఉమారాణి పక్కగదిలో స్టవ్ మీద చేసింది. అల్లం కాగింది. నిమ్మకాయ కాలింది. వేలు ఓర్చుకునేదాకా ఆగి బ్రాందీ పోసింది. మూడుసార్లు తిరగబోసింది. ఎర్రమట్టి నీళ్ల రంగు. గ్లాసు అంచుదాకా నింపింది.

కొత్త పంచె మడతపెట్టి పీట మీద ఉంచారు. విస్తరి వేశారు. దీపం వెలిగించారు. కొడుకు చంద్రశేఖర్ టెంకాయ కొట్టి బయటికి నడిచాడు.

"రా అత్తా, తలుపేద్దాం."

"నువ్వు పో. వస్తా."

గ్లాసు చేతిలో వెచ్చగా ఉంది. పెద్దలకు పెట్టకముందు వంటలో ఉప్పు కూడా చూడని ఇల్లు అది. ఎంగిలి ముట్టరు, అలిగి పోతారు, వంశానికి తగులుతుంది. చిన్నప్పటినుంచీ విన్న మాటలన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఈ ఏడు కూడా రాకపోతే ఇక ఆయన రాడు. కళ్లు మూసుకొని తాగింది.

ముందు తీపి. తర్వాత అల్లం. ఆ వెనక కాలిన నిమ్మతొక్క చేదు, దాని వెనకే గుండెల్లోకి దిగే వేడి. ఎంత తాగిందో ఆమెకు తెలియదు. ఇంత బాగుంటుందని తెలియదు. కళ్లు తెరవకుండానే గ్లాసు విస్తరి పక్కన పెట్టింది. "తాగినా. రా" అని బయటికొచ్చి తలుపు దగ్గరికేసింది.

వీధంతా అట్లాగే ఉంది. ప్రతి ఇంటి తలుపూ మూసి, ప్రతి ఇంటి మనుషులూ బయట కూర్చొని ఉన్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడటంలేదు. ఒక్క మగ్గమూ ఆడటంలేదు. పావుగంట దాటింది. ఎదురింట్లో దగ్గి తలుపు తీశారు. పక్కింట్లో తీశారు.

"ఏం మహాదేవమ్మా, మీ ఇంటాయన ఇంగా తింటాండాడా?" అంది పక్కింటి ఉచ్చీరమ్మ. "మా ఆయప్ప బతికుండంగా నాలుగు ముద్దల్లో లేస్తాండె. ఇప్పుడూ అంతే."

"ఇంగొంచేపు కూసోనీ" అంది మహాదేవమ్మ. తలుపు తీస్తే ఆయనను పొమ్మన్నట్టే అవుతుంది. మళ్లీ ఆ మాట తన చేతులతో అనాలా?

అరగంటకు ఉమారాణి ఓర్చుకోలేక తానే దగ్గి తలుపు తోసింది. "అత్తా! తగ్గింది సూడు! రెండేళ్ల మందం తగ్గింది! మామ తాగినాడు!"

కొడుకు చెంపలేసుకున్నాడు. ఉచ్చీరమ్మ తొంగిచూసి దండం పెట్టింది. మహాదేవమ్మ మాత్రం గ్లాసు ముందు కూలబడింది. తన గుక్క ఒక వేలా? రెండు వేళ్లా? కళ్లు తెరిచి ఉంటే చూసి ఉండేది. ఎవరికి చెప్పగలదు?

సాయంకాలం ఆమె ఫోను మోగింది. ఆదోని నుంచి.

"వచ్చినాడా అక్కా?"

"తెలీదు తిమ్మక్కా" అంది మహాదేవమ్మ గొంతు తగ్గించి. "రెండేళ్ల మందం తగ్గింది. నేనూ తాగినా. కండ్లు మూసుకొని తాగినా."

"ఎంత తాగినావు?"

"ఒక్క గుక్కే అనుకున్నా. బాగుండె... ఎక్కువే తాగినానేమో."

అవతల సోడాబండి మీద సీసాలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు.

"నేనీ పొద్దు పెట్టల్యా" అంది తిమ్మమ్మ. "వాకిలి తీసి కూసున్నా గానీ, ఏమీ పెట్టల్యా. ఊరికే సెప్తాండా."

మహాదేవమ్మ ఫోను చెవికి అదుముకుంది. ఆయన తన ఇంటికి రాకపోయి ఉంటే, ఈ ఏడు ఆయనను ఎక్కడా ఒక్క గుక్క దొరకని మనిషిని చేసింది తానే. వచ్చి ఉంటే, ఆదోనిలో ఆ తెరిచిన వాకిలి ముందు ఒక మనిషిని ఊరికే కూర్చోబెట్టిందీ తానే.

"తిమ్మక్కా, పొయ్యి ఆర్పినావా?"

"ల్యా. ఏంటికి?"

"అల్లం ఉందా ఇంట్లో?"

"ఉంది."

"అమావాస్య ఇంగా పోలేదు" అంది మహాదేవమ్మ. "కుంపటి మీద నిమ్మకాయ పెట్టు. నేను ఫోను పట్టుకొనుంటా."